సింగపూర్ టూర్ ప్లాన్ చేస్తున్నారా? ఆలూరు నుంచి 4 రోజుల ట్రిప్.. ముందే తెలుసుకోవాల్సినవి ఇవే!

ఆలూరు: రాజకీయ సభల్లో మన జనం ఎన్నిసార్లో విన్న పేరు సింగపూర్. 2017 చివర్లో అమరావతి రాజధానికి భూములిచ్చిన రైతులు కూడా బృందాలుగా వెళ్లి ఆ నగరాన్ని చూసొచ్చారు. ఇప్పుడు కర్నూలు జిల్లా మారుమూల మండలాల నుంచి కూడా విదేశీ టూర్ అనగానే మొదట వినిపిస్తున్న పేర్లలో ఇదొకటి. నాలుగున్నర గంటల విమాన ప్రయాణం, రోడ్ల మీద తమిళ బోర్డులు, అడుగడుగునా మన భోజనం, రాత్రి పది దాటినా భయం లేకుండా తిరిగే వీధులు. మొదటిసారి విదేశం వెళ్లే కుటుంబానికి ఇంతకంటే సులువైన ఊరు దొరకడం కష్టమే.

కానీ ఒక్క విషయం గుర్తుపెట్టుకోవాలి. ఊరు చూడటానికి నాలుగు రోజులు చాలు, ఏర్పాట్లకు మాత్రం రెండు నెలల సమయం పెట్టుకోవాలి. పాస్‌పోర్టులో పేరు తేడా, తొందరపడి కొన్న టికెట్, బ్యాగులో మరిచిపోయిన గుట్కా పొట్లం.. ఏళ్ల తరబడి కూడబెట్టిన డబ్బు ఇలాంటి చిన్న పొరపాట్లతోనే పోతుంది. అందుకే ఆలూరు నుంచి బయల్దేరేవారికి వరుసగా ఏం చేయాలో చూద్దాం.

ముఖ్యాంశాలు

- భారతీయులకు సింగపూర్ వెళ్లడానికి ముందుగా వీసా తప్పనిసరి. అక్కడ దిగాక ఇచ్చే పద్ధతి లేదు.
- పాస్‌పోర్టుకు ప్రయాణ తేదీ నాటికి కనీసం 6 నెలల గడువు ఉండాలి.
- అరైవల్ కార్డు పూర్తిగా ఉచితం. డబ్బులు అడిగితే అది అసలు సైట్ కాదు.
- బెంగళూరు, హైదరాబాద్.. ఆలూరుకు రెండు ఎయిర్‌పోర్టులూ దాదాపు ఒకే దూరం.
- గుట్కా, ఖైనీ, వేప్, చూయింగ్ గమ్, గసగసాలు, నాన్‌వెజ్ పచ్చళ్లు బ్యాగులో ఉండకూడదు.

ఎప్పుడు వెళ్తే మంచిది?

సింగపూర్ భూమధ్యరేఖకు పక్కనే ఉంటుంది. కాబట్టి అక్కడ చలికాలం, ఎండాకాలం అంటూ లేవు. ఏడాది పొడవునా పగలు 31 డిగ్రీల చుట్టూ ఉంటుంది. మన దగ్గర 42 డిగ్రీలు చూసినవాళ్లకు ఇదో లెక్కా అనిపించొచ్చు. అయితే మనది పొడి ఎండ, అక్కడిది ఉక్కపోత. పది నిమిషాలు నడిస్తే చొక్కా తడిసిపోతుంది. ఏడాదికి 2,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. అంటే కర్నూలు జిల్లా సగటుకు దాదాపు మూడు రెట్లు. ఏ నెలలో వెళ్లినా గొడుగు ఉండాల్సిందే.

నవంబర్ నుంచి జనవరి వరకు వానలు ఎక్కువ. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు కాస్త తెరిపి. దేవరగట్టు బన్ని ఉత్సవం, దసరా హడావుడి అయిపోయి, పత్తి, మిరప పంట డబ్బు చేతికొచ్చాక వెళ్లాలనుకునే కుటుంబాలకు ఈ నెలలు బాగా కలిసొస్తాయి. ఒక్క జాగ్రత్త. జనవరి చివర్లో గానీ ఫిబ్రవరిలో గానీ వచ్చే చైనీస్ న్యూ ఇయర్ రోజుల్లో చాలా షాపులు మూసేస్తారు. ఫార్ములా వన్ కార్ రేసు జరిగే వారంలో హోటల్ ధరలు బాగా పెరుగుతాయి. ఈ రెండు తేదీలు చూసుకున్నాకే ప్లాన్ చేసుకోవాలి.

పాస్‌పోర్ట్: పేరు దగ్గరే అసలు చిక్కు

పాస్‌పోర్టు లేనివారు ఆన్‌లైన్‌లో పాస్‌పోర్ట్ సేవా పోర్టల్‌లో దరఖాస్తు చేసి స్లాట్ బుక్ చేసుకోవాలి. ఆలూరు వాసులకు కర్నూలులోని పోస్టాఫీస్ పాస్‌పోర్ట్ సేవా కేంద్రం అందుబాటులో ఉంది. పెద్దలకు 36 పేజీల పాస్‌పోర్టు ఫీజు 1,500 రూపాయలు. తత్కాల్ అయితే మరో 2,000 అదనం. పోలీస్ వెరిఫికేషన్‌కు పట్టే సమయం కూడా లెక్కలో ఉండాలి. చిన్న పిల్లలకైనా సొంత పాస్‌పోర్టు ఉండాల్సిందే.

మన దగ్గర ఎక్కువగా వచ్చే సమస్య ఇంటి పేరు. ఆధార్‌లో ఇంటి పేరు పొడి అక్షరంగా ఉంటుంది, టెన్త్ సర్టిఫికెట్‌లో పూర్తిగా ఉంటుంది, ఓటర్ కార్డులో అసలుండదు. పాస్‌పోర్టులో పొడి అక్షరాలు పనికిరావు, పూర్తిగా విడమరిచి రాయాలి. కాబట్టి మొదట ఆధార్ సరిచేసుకుని, తర్వాతే దరఖాస్తు చేయడం మేలు. విమాన టికెట్, వీసా, హోటల్ బుకింగ్.. మూడింటిలోనూ పాస్‌పోర్టులో ఉన్న పేరే అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఊళ్లో పిలిచే పేరుతో టికెట్ తీస్తే ఎయిర్‌పోర్టు కౌంటర్ దగ్గరే ఆగిపోవాల్సి వస్తుంది.

టెన్త్ పాస్ కానివారి పాస్‌పోర్టుపై ఈసీఆర్ అని ఉండొచ్చు. దాన్ని చూసి కంగారు పడనక్కర్లేదు. ఈసీఆర్ వర్తించే 18 దేశాల జాబితాలో సింగపూర్ లేదు.

వీసా ఎలా? టికెట్ ముందా, వీసా ముందా?

సింగపూర్ వీసాకు చెన్నై, ముంబైలోని కాన్సులేట్లు, ఢిల్లీలోని హైకమిషన్ గుర్తించిన అధీకృత ఏజెంట్ల ద్వారా దరఖాస్తు చేయాలి. ఆ ఏజెంట్ల జాబితా అధికారిక వెబ్‌సైట్లలో ఉంటుంది. ఆదోనిలోనో బళ్లారిలోనో ట్రావెల్స్ వారికి పాస్‌పోర్టు ఇచ్చే ముందు, వారు ఎవరి ద్వారా దరఖాస్తు పంపుతున్నారో ఆ పేరు జాబితాలో ఉందో లేదో చూసుకోవాలి.

కావాల్సినవి పెద్దగా ఏమీ లేవు:

- ఫారం 14ఏ
- పాస్‌పోర్టు కాపీ
- తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌తో ఇటీవల దిగిన 35x45 మిల్లీమీటర్ల ఫొటో
- టికెట్, హోటల్ వివరాలు
- అవసరమైతే బ్యాంక్ స్టేట్‌మెంట్

ప్రభుత్వ ఫీజు 30 సింగపూర్ డాలర్లు. వీసా రాకపోయినా ఇది తిరిగి రాదు. దీనిపై ఏజెంట్ సర్వీస్ చార్జి వేరే. సాధారణంగా వారం లోపు ఫలితం తెలుస్తుంది. కాగితాలు ఇంకా అడిగితే ఆలస్యం కావొచ్చు. వచ్చేది ఈ-వీసా కాబట్టి రెండు ప్రింట్లు తీసుకుని ఒకటి హ్యాండ్ బ్యాగులో పెట్టుకోవాలి.

ఇక్కడే చాలామంది నష్టపోతారు. వీసా దరఖాస్తు ప్రయాణానికి 30 రోజుల లోపే చేయాలి. టికెట్లేమో ముందు కొంటే చవక. దీంతో చవకగా వచ్చిందని రిఫండ్ లేని టికెట్లు మూడు నెలల ముందే కొనేస్తారు. వీసా రాకపోతే మొత్తం పోయినట్టే. క్యాన్సిలేషన్ చార్జి ఎంతో, తేదీ మార్చుకోవచ్చో లేదో చదివాకే డబ్బు కట్టాలి. హోటల్ మాత్రం ఉచితంగా రద్దు చేసుకునే వీలున్నదే బుక్ చేయాలి.

అమెరికా, బ్రిటన్ లాంటి కొన్ని దేశాల వీసా ఉన్నవారు మూడో దేశానికి వెళ్తూనో వస్తూనో షరతులతో 96 గంటలు వీసా లేకుండా సింగపూర్‌లో ఆగొచ్చు. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లొచ్చే తల్లిదండ్రులకు ఇది ఉపయోగపడుతుంది. ఇండియా నుంచి నేరుగా సింగపూర్ వెళ్లి తిరిగొచ్చేవారికి మాత్రం వర్తించదు.

అరైవల్ కార్డు మరిచిపోవద్దు

వీసా చేతికొచ్చినా మరో పని మిగిలే ఉంటుంది. దిగే రోజుతో కలిపి మూడు రోజుల లోపు ఎస్‌జీ అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో నింపాలి. పిల్లలతో సహా ప్రతి ఒక్కరికీ ఇది ఉండాలి. సింగపూర్ ఇమిగ్రేషన్ సంస్థ ఐసీఏ వెబ్‌సైట్ లేదా యాప్‌లో ఉచితంగా నింపొచ్చు. గూగుల్‌లో వెతికితే అచ్చం అలాగే కనిపించే సైట్లు డబ్బు అడుగుతాయి. వాటి జోలికి పోవద్దు.

ఇంకో మాట. వీసా అంటే లోపలికి రానిస్తారన్న గ్యారంటీ కాదు. చాంగీ ఎయిర్‌పోర్టులో అధికారి ఎందుకొచ్చారు, ఎన్ని రోజులు, ఎక్కడ ఉంటారు అని అడగొచ్చు. తిరుగు టికెట్, హోటల్ బుకింగ్, ఖర్చులకు డబ్బు చూపించి, ఉన్నది ఉన్నట్టు చెబితే సరిపోతుంది. ఇంగ్లిష్ రాని పెద్దవాళ్లను వేరే క్యూలో ఒంటరిగా వదలకుండా వెంట ఉండాలి.

బెంగళూరా? హైదరాబాదా?

ఓర్వకల్లు ఎయిర్‌పోర్టు నుంచి అంతర్జాతీయ విమానాలు లేవు. కాబట్టి ఆలూరు నుంచి రెండు దారులు.

బెంగళూరు దారి: గుంతకల్లు, అనంతపురం మీదుగా 44వ నంబర్ హైవే ఎక్కితే దేవనహళ్లి ఎయిర్‌పోర్టు సిటీ కంటే ముందే వస్తుంది. బెంగళూరు ట్రాఫిక్‌లోకి పోనక్కర్లేదు. కారులో ఐదారు గంటలు. రైలులో అయితే గుంతకల్లులో ఎక్కి, హిందూపురం మీదుగా వెళ్లే బండి అయితే యలహంకలో దిగడం మేలు. మెజెస్టిక్ వరకు వెళ్లి మళ్లీ వెనక్కి రావాల్సిన బాధ తప్పుతుంది.

హైదరాబాద్ దారి: కర్నూలు మీదుగా వెళ్తే శంషాబాద్ కూడా సిటీకి ముందే తగులుతుంది. ఇదీ దాదాపు అంతే సమయం.

రెండు చోట్ల నుంచీ సింగపూర్ ఎయిర్‌లైన్స్, ఇండిగో లాంటి సంస్థల డైరెక్ట్ విమానాలు ఉంటాయి. కాబట్టి టికెట్ ధర, బయల్దేరే టైమ్ చూసి తేల్చుకోవాలి. చవక టికెట్ అయితే చెక్ ఇన్ బ్యాగేజీ, భోజనం అందులో ఉన్నాయో లేదో చూడాలి. విమానానికి మూడు గంటల ముందు ఎయిర్‌పోర్టులో ఉండాలి. అంటే రాత్రి 11 గంటల విమానానికి ఆలూరులో మధ్యాహ్నం ఒంటిగంటకే బండి ఎక్కడం మంచిది. దారిలో టైరు పంక్చరైనా, వాన పడినా విమానం ఆగదు.

సింగపూర్ టైమ్ మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. రాత్రి 11 గంటల విమానం అక్కడ తెల్లవారుజామున 6 గంటలకు దిగుతుంది.

బ్యాగులో ఇవి ఉంటే చిక్కే

- గుట్కా, ఖైనీ, జర్దా: నమిలే పొగాకు మొత్తం నిషేధం. ఒక్క పొట్లమైనా సరే.
- సిగరెట్లు: డ్యూటీ ఫ్రీ మినహాయింపు లేదు. తీసుకెళ్తే డిక్లేర్ చేసి పన్ను కట్టాలి.
- వేప్, ఈ-సిగరెట్లు: వాడటం, వెంట ఉంచుకోవడం కూడా నేరమే.
- చూయింగ్ గమ్: 1992 నుంచి దిగుమతి నిషేధం.
- గసగసాలు: మసాలా డబ్బాలో ఉండే ఈ గింజలను మత్తుమందుల నియంత్రణ సంస్థ అనుమతి లేకుండా తీసుకెళ్లకూడదు. ఇంట్లో చేసిన మసాలా పొడుల్లో కలిపారేమో అడిగి తెలుసుకోవాలి.
- చికెన్, మటన్ పచ్చళ్లు: మాంసం ఉత్పత్తులపై ఆంక్షలున్నాయి. ఇంట్లోనే వదిలేయడం ఉత్తమం.
- మందులు: బీపీ, షుగర్ మాత్రలు డాక్టర్ చీటీతో, అసలు ప్యాకింగ్‌లోనే పెట్టుకోవాలి. నిద్ర మాత్రలు, కొడీన్ ఉన్న దగ్గు మందులకు ముందస్తు అనుమతి అవసరం కావొచ్చు.

అన్నిటికంటే ముఖ్యం: ఎయిర్‌పోర్టులో ఎవరైనా "మా వాళ్లకు ఇవ్వండి" అంటూ పొట్లం ఇస్తే తీసుకోవద్దు. సింగపూర్‌లో మత్తుమందుల రవాణాకు మరణశిక్ష ఉంది.

బొరుగులు, ఎండు జొన్న రొట్టెలు, బుడ్డల పొడి, పుట్నాల పొడి లాంటివి నిక్షేపంగా పట్టుకెళ్లొచ్చు.

ఎక్కడ ఉండాలి? ఎలా తిరగాలి?

మొదటిసారి వెళ్లేవారికి లిటిల్ ఇండియా అనువైన చోటు. సెరంగూన్ రోడ్డు చుట్టూ హోటళ్లు, గుళ్లు, టిఫిన్ సెంటర్లు, కిరాణా షాపులు అన్నీ నడిచే దూరంలోనే. గదులు చిన్నగా ఉంటాయి, కొన్నింటికి కిటికీ కూడా ఉండదు. బుక్ చేసే ముందు అది చూసుకోవాలి. చాలా హోటళ్లలో గది మధ్యాహ్నం రెండు, మూడు గంటలకు గానీ ఇవ్వరు. పొద్దున్నే దిగినవారు లగేజీ రిసెప్షన్‌లో పెట్టి తిరగొచ్చు.

ఎయిర్‌పోర్టు నుంచి మెట్రో సులువు. అక్కడ దీన్ని ఎంఆర్‌టీ అంటారు. చాంగీలో ఎక్కి, తర్వాతి స్టేషన్ ఎక్స్‌పోలో నీలం రంగు డౌన్‌టౌన్ లైన్‌కు మారితే నేరుగా లిటిల్ ఇండియాలో దిగొచ్చు. కాంటాక్ట్‌లెస్ వీసా, మాస్టర్‌కార్డ్ ఉంటే గేటు దగ్గర తాకిస్తే చాలు. ఒక్కొక్కరికి ఒక్కో కార్డు ఉండాలి. విదేశీ కార్డులకు రోజుకు కొంత అదనపు రుసుము పడుతుంది. బయల్దేరే ముందే బ్యాంక్ యాప్‌లో ఇంటర్నేషనల్ వాడకం ఆన్ చేసుకోవాలి.

ఫోన్ చార్జర్‌కు చదరపు మూడు పిన్నుల అడాప్టర్ కావాలి. మన ప్లగ్ అక్కడ నేరుగా పట్టదు.

4 రోజుల ప్లాన్ ఇలా

సింగపూర్ మొత్తం వైశాల్యం సుమారు 735 చదరపు కిలోమీటర్లు. కర్నూలు జిల్లాలో పదో వంతు కూడా లేదు. అయినా ఒకే రోజు ఆ మూలకూ ఈ మూలకూ తిరిగితే పెద్దవాళ్లు అలసిపోతారు. రోజుకో వైపు పెట్టుకోవాలి.

మొదటి రోజు: హోటల్ దగ్గరే శ్రీనివాస పెరుమాళ్ ఆలయం, వీరమాకాళియమ్మన్ గుడి. మధ్యాహ్నం గుళ్లు మూసి ఉంటాయి, పొద్దున్నే వెళ్లాలి. మధ్యాహ్నం నిద్ర. సాయంత్రం మెర్లయన్ పార్కు. సింహం తల, చేప ఒళ్లు ఉన్న 8.6 మీటర్ల ఈ బొమ్మను 1972లో ఏర్పాటు చేశారు. అక్కడి నుంచి నీటి అంచు వెంట నడుస్తూ మెరీనా బే శాండ్స్ వరకు వెళ్తే రాత్రి లేజర్ షో ఉచితంగా చూడొచ్చు.

రెండో రోజు: ఉదయం బొటానిక్ గార్డెన్స్. 1859లో మొదలైన ఈ తోటకు 2015లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ప్రవేశం ఉచితం. లోపలి ఆర్కిడ్ తోటకు మాత్రం టికెట్. అక్కడి నుంచి చైనాటౌన్. సింగపూర్‌లోని అతి పాత హిందూ ఆలయం, 1827 నాటి మారియమ్మన్ గుడి ఉన్నది ఈ చైనాటౌన్‌లోనే!

సాయంత్రం మెరీనా బ్యారేజ్ తప్పక చూడాలి. చాలా టూర్ ప్యాకేజీల్లో ఇది ఉండదు. సముద్రాన్ని ఆపి, నగరం నడిబొడ్డునే వాన నీటిని మంచినీళ్ల చెరువుగా నిలిపిన ఆనకట్ట ఇది. 2008లో ప్రారంభమైంది. సింగపూర్‌కు చెప్పుకోదగ్గ నది లేదు, నీటి కోసం ఏళ్లుగా మలేషియాపై ఆధారపడింది. వాన చుక్కను పట్టుకుని, మురుగు నీటిని కూడా శుద్ధి చేసి వాడుకుంటోంది. వేదావతి వైపు చూస్తూ, బిందెలతో ట్యాంకర్ కోసం ఎదురుచూసే ప్రాంతం నుంచి వెళ్లినవారికి, మెర్లయన్ బొమ్మ కంటే ఈ బ్యారేజే ఎక్కువ రోజులు గుర్తుంటుంది. పైకప్పు మీద పచ్చిక, గాలిపటాలు ఎగరేసే పిల్లలు.. ప్రవేశం ఉచితం. అక్కడి నుంచి నడిచి గార్డెన్స్ బై ది బే చేరితే, రాత్రి 7.45కి, 8.45కి సూపర్‌ట్రీల దగ్గర లైట్ల షో కూడా ఉచితమే.

మూడో రోజు: సెంటోసా ద్వీపం. వివోసిటీ మాల్ నుంచి సెంటోసా ఎక్స్‌ప్రెస్ రైలు టికెట్ 4 డాలర్లు. పక్కనే నడక దారి కూడా ఉంది, అది ఉచితం. యూనివర్సల్ స్టూడియోస్‌కు పెద్దల టికెట్ 80 డాలర్లు దాటుతుంది. పిల్లలు, కుర్రాళ్లు ఉంటేనే అది గిట్టుబాటు. పెద్దవాళ్లకు బీచ్, అక్వేరియం చాలు.

నాలుగో రోజు: ఉదయం మండాయ్‌లో జూ లేదా బర్డ్ ప్యారడైజ్.. ఏదో ఒకటి. మధ్యాహ్నం ముస్తఫా సెంటర్‌లో షాపింగ్. సాయంత్రం ఎయిర్‌పోర్టుకు కాస్త ముందే వెళ్తే జ్యువెల్ భవనంలో 40 మీటర్ల ఎత్తు నుంచి పడే ఇండోర్ జలపాతం చూడొచ్చు. దీనికి టికెట్ లేదు.

తిండి, నీళ్లు

హాకర్ సెంటర్లంటే అక్కడి ప్రభుత్వ ఫుడ్ కోర్టులు. 2020లో వీటి సంస్కృతికి యునెస్కో గుర్తింపు దక్కింది. 5 నుంచి 8 డాలర్లకు కడుపు నిండుతుంది. తిన్నాక ప్లేటు తీసి స్టాండ్‌లో పెట్టడం తప్పనిసరి. శాకాహారులకు లిటిల్ ఇండియాలో 1947 నాటి కోమల విలాస్ లాంటి పాత హోటళ్లున్నాయి. ఆంధ్రా భోజనం పెట్టే హోటళ్లూ దొరుకుతాయి. ఉగ్గాణి మాత్రం దొరకడం కష్టం, ఆ బొరుగులు ఇక్కడి నుంచే పట్టుకెళ్లాలి.

కుళాయి నీళ్లు నేరుగా తాగొచ్చు. ఒక బాటిల్ వెంట ఉంచుకుని నింపుకుంటే నలుగురున్న కుటుంబానికి రోజుకు పది డాలర్లయినా మిగులుతాయి.

ఖర్చు లెక్క

లెక్క సులువు కోసం ఒక సింగపూర్ డాలర్‌ను 70 రూపాయలు అనుకుంటే, భోజనం, మెట్రో, చిల్లర ఖర్చులకు మనిషికి రోజుకు 30 నుంచి 40 డాలర్లు పెట్టుకోవాలి. అంటే 2,100 నుంచి 2,800 రూపాయలు. విమానం, హోటల్, వీసా, టికెట్ల ఖర్చు దీనికి అదనం. పైన చెప్పిన మెర్లయన్, బ్యారేజ్, లైట్ షోలు, బొటానిక్ గార్డెన్స్, గుళ్లు, జలపాతం అన్నీ ఉచితమే. కాబట్టి డబ్బు పెట్టి చూసేవి రెండు ఎంచుకున్నా టూర్ నిండుగానే ఉంటుంది.

ప్యాకేజీ తీసుకునేవారు మూడు ప్రశ్నలు అడగాలి. ధరలో వీసా ఫీజు ఉందా? టికెట్లు ఉన్నాయా, లేక బయటి నుంచి చూపిస్తారా? టీసీఎస్ కలిపారా? ఈ టీసీఎస్ మొత్తం పాన్ నంబర్ మీద జమవుతుంది, ఐటీ రిటర్న్ వేస్తే లెక్కలో సర్దుబాటు అవుతుంది. రసీదు జాగ్రత్త.

ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోవడం మంచిది. అక్కడ ఆస్పత్రి ఖర్చు చాలా ఎక్కువ.

జరిమానాలు ఊరికే రాయలేదు

చెత్త వేయడం, ఉమ్మడం, నిషేధిత చోట పొగ తాగడం, మెట్రోలో తినడం, తాగడం.. అన్నిటికీ జరిమానా ఉంది. మెట్రోలో మంచినీళ్లు తాగినా తప్పే. రోడ్డు సిగ్నల్ దగ్గరే దాటాలి. పోలీస్ కోసం 999, అంబులెన్స్ కోసం 995.

"టూరిస్ట్ వీసా మీద వెళ్లండి, అక్కడ పని ఇప్పిస్తాం" అంటే..

ఇది టూర్ కాదు, మోసం. వలసలు ఎక్కువగా ఉండే ఈ ప్రాంతంలో ఈ మాట నమ్మితే అప్పులే మిగులుతాయి. విజిట్ పాస్ మీద సింగపూర్‌లో పనిచేయడం నేరం. గడువు దాటి ఉంటే జైలు, ఎక్కువ రోజులు దాటితే మగవాళ్లకు బెత్తం దెబ్బల శిక్ష కూడా ఉంది. నిజమైన ఉద్యోగానికి అక్కడి మానవ వనరుల శాఖ ముందస్తు ఆమోద పత్రం ఇస్తుంది. అది చేతికి రాకుండా ఎవరికీ రూపాయి కట్టొద్దు.

తిరిగొచ్చేటప్పుడు బంగారం?

అక్కడ తక్కువని గొలుసు కొనే ముందు ఆలోచించాలి. నగలపై కస్టమ్స్ మినహాయింపు ఏడాదికి పైగా విదేశంలో ఉండి వచ్చినవారికే. నాలుగు రోజుల టూరిస్టుకు లేదు. కొంటే బిల్లుతో డిక్లేర్ చేసి పన్ను కట్టాలి. మిగతా షాపింగ్‌లో ఒకే షాపులో 100 డాలర్లకు మించితే, 9 శాతం జీఎస్టీని చాంగీలో రిఫండ్ కోరొచ్చు. కొనేటప్పుడే పాస్‌పోర్టు చూపించాలి.

బయల్దేరే ముందు రోజు చూసుకోవాల్సినవి

పాస్‌పోర్టు, వీసా ప్రింట్, అరైవల్ కార్డు, రానూపోనూ టికెట్లు, హోటల్ కాగితం, ఇన్సూరెన్స్, మందుల చీటీ, రెండు కార్డులు, కొద్దిగా సింగపూర్ డాలర్లు, అడాప్టర్, గొడుగు. అన్నిటి ఫొటోలు ఇంట్లో ఒకరి ఫోన్‌కూ పంపాలి. పాస్‌పోర్టు పోతే భారత హైకమిషన్‌లో ఆ ఫొటోనే ఆదుకుంటుంది.

ఫీజులు, రూల్స్ మారుతుంటాయి. డబ్బు కట్టే ముందు ఐసీఏ, పాస్‌పోర్ట్ సేవా అధికారిక సైట్లలో ఒకసారి సరిచూసుకోవాలి. కాగితాలు సరిగ్గా ఉంటే, ఆలూరు బస్టాండ్‌లో బయల్దేరిన కుటుంబం మర్నాడు సాయంత్రం మెర్లయన్ ముందు ఫొటో దిగడం ఏమంత కష్టం కాదు.